దారం కట్టిన పూగుత్తి

కాలేజీలో మీకు బాగా ఇష్టమైన క్లాసు గురించి నాలుగు మాటలు చెప్పమని ఆకాశవాణివాళ్లు అడిగారు. నేను ఆలోచించుకోవలసిన అవసరం పడలేదు. నూజివీడు ధర్మ అప్పారావు కళాశాలలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో, అంటే 1984 ప్రాంతంలో, మాకు వారానికి రెండు మధ్యాహ్నాలు వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ ఉండేవి. ఇన్నేళ్ల తరువాత కూడా నాకు క్లాసు అంటే ఆ రెండు మధ్యాహ్నాలే.

మాది ఆగిరిపల్లి. శోభనాచలం కొండ కింద ఊరు. 2022లో ఏలూరు జిల్లాలో కలిపారు, అంతకుముందు కృష్ణా జిల్లా. మా ఊరి నుంచి నూజివీడు వెళ్లే దారికి అటూ ఇటూ ఎర్రనేలలు, మామిడితోటలు. మాకూ ఒక తోట ఉంది. సగం బంగినపల్లి, మిగతాదాంట్లో చిన్నరసాలు, కొన్ని కలెక్టరు చెట్లు, గట్టు మీద నాలుగు పెద్దరసాలు. ఆ చెట్ల కింద పాకి, ఆ కొమ్మలెక్కి పెరిగినదాన్ని కనుక మామిడి గురించి నాకు ఇంకొకరు చెప్పేదేముంటుంది అనుకునేదాన్ని.

మొదటి క్లాసులో మాస్టారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మూడు పేర్లు రాశారు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి. "ఈ మూడింటికీ చుట్టరికం ఏమిటో చెప్పండి" అన్నారు. ఎవరమూ చెప్పలేదు. అప్పుడు ఒక్కొక్క ప్రశ్నా వేశారు. మామిడికాయ తొడిమ తుంచగానే కారే సొన మూతికి అంటితే ఏమవుతుంది? పొక్కుతుంది అన్నాం. జీడిపిక్కలు కాల్చి పప్పు తీసేవాళ్ల చేతులు చూశారా? పొక్కుతాయి. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే? అదీ పొక్కుతుంది. "అయితే మీకు చుట్టరికం తెలిసే ఉంది. పేరే తెలియదు" అని, ఆ మూడు పేర్ల కింద ఒక గీత గీసి, అనకార్డియేసీ అని రాశారు. ఆ కుటుంబం పేరు అది.

తరువాత చెప్పినది నేను ఇప్పటికీ పది మందికి చెబుతుంటాను. జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిల్ చెట్టు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చి మన తీరాల్లో నాటారు. ఎన్నడూ చూడని ఆ చెట్టుకు మనవాళ్లు పేరు పెట్టవలసి వచ్చింది. పెట్టారు: జీడి, మామిడి. తమకు తెలిసిన రెండు చెట్ల పేర్లు కలిపి మూడోదానికి ఇచ్చారు. ఆ రెండూ కచ్చితంగా దాని కుటుంబంలోవే. లాటిన్‌లో అనకార్డియం అన్న పేరు కూడా మొదట నల్లజీడిదే, తరువాత జీడిమామిడికి పోయింది. పుస్తకం ముట్టనివాళ్లు చెట్టును చూసి, సొన చూసి, కాయ చూసి పెట్టిన పేరు, శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకు పక్కనే వచ్చి నిలబడింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా చెట్ల పేర్లు ఒక్కొక్కటీ పలుక్కుంటూ వచ్చాను. అంతకుముందు వాటిని పేర్లుగానే చూశాను.

పూత కాలం వచ్చింది. మాస్టారు మా అందరికీ ఒక పని పెట్టారు. ఒక్కొక్కరు పది పూగుత్తులు ఎంచుకుని, ఒక్కొక్కదానికి రంగుదారం కట్టి, కాయ దిగేదాకా వారం వారం చూసి రాయాలి. పరీక్షలో దీనికి మార్కులు లేవని ముందే చెప్పేశారు. నాకు మా తోటలో చిన్నరసం చెట్టు ఉంది కనుక దానికే ఎర్రదారాలు కట్టాను. మా నాన్న చూసి, "చెట్టుకు దిష్టి తీస్తున్నావా అమ్మా" అన్నారు.

దారాలు కట్టినవి చెట్టుకే ఉంచాలి కదా, అందుకని పూల లెక్కకు వేరే గుత్తి ఒకటి కోసి క్లాసుకు తెమ్మన్నారు. బల్ల మీద తెల్లకాగితం పరిచి నలుగురం కూర్చున్నాం. విచ్చినవి చేత్తో, మొగ్గలు సూదితో విప్పి, ఒక్కొక్క పువ్వునూ చేతి లెన్సు కింద పెట్టి చూడాలి. మామిడిపువ్వు గోరుకొన కంటే చిన్నది. అయిదు రేకులు, రేకుల మీద పసుపు చారలు. పువ్వు ముదిరితే ఆ చారలు గులాబీ రంగుకు తిరుగుతాయి. కేసరాలు అయిదు కనిపిస్తాయి కానీ మామూలుగా పుప్పొడి ఉండేది ఒక్కదానికే, మిగతావి పొట్టివి, వట్టివి. మధ్యలో చిన్న దిమ్మె. కొన్ని పూలలో ఆ దిమ్మె మీద ఆవగింజలో సగమంత ఆకుపచ్చని ఉండ ఒకటి పక్కకు ఒరిగి కూర్చుని ఉంటుంది. అది అండాశయం. రేపు కాయ అయ్యేది అదే. చాలా పూలలో ఆ ఉండ ఉండదు. అవి మగపూలు. అవి ఎంత విరగబూసినా కాయవు.

పద్దెనిమిదేళ్లు మామిడిచెట్ల కింద బతికి, పూలలో కాసేవీ కాయనివీ రెండు రకాలున్నాయని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆ ఒక్క గుత్తికి మాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. రెండువేలకు కొంచెం తక్కువ తేలాయి. కళ్లు మండాయి. పక్క బల్ల వాళ్లది బంగినపల్లి, వాళ్ల లెక్క వేరే వచ్చింది. మాది తప్పా వాళ్లది తప్పా అని గొడవ పడ్డాం. మాస్టారు ఇద్దరివీ తప్పు కాదన్నారు. రకాన్ని బట్టి గుత్తికి వెయ్యి నుంచి ఆరువేల దాకా పూలుంటాయి, కాసే పూల పాలు కూడా రకాన్ని బట్టి, కొమ్మను బట్టి, గుత్తి వచ్చిన వేళను బట్టి మారుతుంది అన్నారు. గట్టి చలిలో ముందు తొంగిచూసిన గుత్తుల్లో మగపూలు ఎక్కువ. చలి విరిగాక వచ్చినవాటిలో కాసే పూలు పెరుగుతాయి. ఇంత పూతలో పండు దాకా నిలిచేది వెయ్యింటికి ఒకటి కూడా ఉండదు. ఆ మాట వింటే మొదట నాకు దిగులు వేసింది. పూతను చూసి ఇంటిల్లిపాదీ లెక్కలు వేసుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మరి.

ఒక రోజు మాస్టారు, "ఈ పూల మీద పుప్పొడి మోసే పురుగు ఏది?" అని అడిగారు. తేనెటీగ అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. "చూసి చెబుతున్నారా, విని చెబుతున్నారా?" అన్నారు. ఆదివారం పొద్దున ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా చెట్టు దగ్గర కదలకుండా కూర్చుని, వచ్చిన ప్రతి పురుగుకూ ఒక గీత గీయమన్నారు. కూర్చున్నాను. తేనెటీగలు అక్కడొకటి ఇక్కడొకటి వచ్చాయి. మిగతా గీతలన్నీ ఈగలవి. రకరకాల ఈగలు. మనం ఇంట్లో చేత్తో తోలేసే ఈగలే, మా చిన్నరసాలకు కాయ కట్టిస్తున్నాయి! సోమవారం కాగితం చూపిస్తే మాస్టారు ఏమీ అనలేదు. దాన్ని బోర్డు పక్కన మేకుకు తగిలించారు. అది ఏడాదంతా అక్కడే ఉంది. నాకు ఆ తరువాత వచ్చిన ఏ సర్టిఫికెట్టూ దానికి సాటి రాలేదు.

ఆ కాగితం మా ఇంట్లో పెద్ద పని చేసింది. నిండుపూత మీద మందు కొట్టడం అప్పట్లో మాకు అలవాటు. చుట్టుపక్కల అందరూ కొట్టేవారు, మేమూ కొట్టేవాళ్లం. పువ్వు విచ్చి ఉన్నప్పుడు పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఆ ఈగలే. కొట్టవలసినది పూత విచ్చకముందు, మళ్లీ పిందె పడ్డాక. ఇది నేను చెబితే నాన్న నమ్మలేదు. నా గీతల కాగితం సంగతి చెప్పాను. ఏమీ మాట్లాడకుండా మర్నాడు పొద్దున ఆయనే వెళ్లి చెట్టు కింద కూర్చున్నారు. నేను వెనకనుంచి చూశాను. బీడీ కూడా వెలిగించకుండా గంటసేపు కూర్చున్నారు.

ఇక తేనెమంచు. తోటలున్నవాళ్లకు ఈ మాట తెలుసు. పూత కాలంలో ఆకులు జిగటగా, ముట్టుకుంటే వేళ్లకు అంటుకుంటాయి. కొన్నాళ్లకు ఆ జిగట మీద నల్లగా మసి పడుతుంది. పూత మాడి రాలిపోతుంది. రాత్రి మంచుతోపాటు ఆకాశం నుంచి తేనె కురిసిందని మా నాయనమ్మ నమ్మకం. దైవాధీనం అనుకుని ఊరుకునేవాళ్లు. మాస్టారు మా తోటకు వచ్చినప్పుడు, "చప్పుడు చేయకుండా కొమ్మ కిందకు వెళ్లి నిలబడి వినండి" అన్నారు. కొమ్మను కదిపారు. సన్నటి చినుకులు పడ్డట్టు చిటపటమని చప్పుడైంది. వాన కాదది. వందల పురుగులు ఒక్కసారి ఎగరడం. గోధుమరంగులో, వెనక సన్నగా, ముందు వెడల్పుగా, చీలికలా ఉండే చిన్న పురుగు. పూకాడల రసం పీల్చి, మిగిలిన తీపిని చుక్కలుగా వదులుతుంది. ఆ తీపే మన తేనెమంచు. దాని మీద పెరిగే బూజే ఆ మసి.

నాయనమ్మను కూడా పిలిచి భూతద్దం ఇచ్చారు మాస్టారు. ఆవిడ ఒక పురుగును చాలాసేపు చూసింది. "నువ్వటే ఇన్నాళ్లూ మా పూత తిన్నది" అంది పురుగుతో. తరువాత మాస్టారి వైపు తిరిగి, "మా అత్తగారు ఉండగా చెట్ల మధ్య కొమ్మలు కొట్టించి ఎండ పడనిచ్చేవారు బాబూ, ఆ రోజుల్లో ఇంత లేదు" అంది. మాస్టారు గబగబా జేబులోంచి కాగితం తీసి ఆ మాట రాసుకున్నారు. చెట్టు గుబురుగా ఉండి వెలుతురు చొరకపోతే తేనెమంచు పురుగు ఎక్కువవుతుందన్నది శాస్త్రంలో ఉన్న మాటే. ఆవిడకు పురుగు తెలియదు, ఉపాయం తెలుసు. ఆ శాస్త్రమూ ఈ ఉపాయమూ ఒకదాని ఎదుట ఒకటి నిలబడటం నేను మా తోటలో చూశాను.

ఫాల్గుణంలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారి వెళ్లి చూస్తే నా పది దారాల్లో ఆరు నేల మీద ఉన్నాయి. ఏడుస్తూ కాలేజీకి వెళ్లాను. మాస్టారు కూర్చోబెట్టి రాక్స్‌బర్గ్ కథ చెప్పారు. విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండు నుంచి వచ్చిన వైద్యుడు. 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి, తెలుగు నేల మీది మొక్కలు పోగుచేసి, ఇక్కడి చిత్రకారులతోనే బొమ్మలు వేయించాడు. 1787లో కోరంగి దగ్గర ఉప్పెన వచ్చి ఆయన కాగితాలు, పుస్తకాలు, ఎండబెట్టిన మొక్కలు అన్నీ పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లాడు. 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పెద్ద పుస్తకం భాగాలుగా లండనులో అచ్చయింది. అందులో మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాశాడు. సోమిద చెట్టు శాస్త్రీయనామం ఇవాళ్టికీ సోయ్‌మిడా. అది మన మాటే.

కథంతా చెప్పి, "నీకు ఇంకా నాలుగున్నాయి కదమ్మాయ్" అన్నారు. ఆ నాలుగింటితోనే రికార్డు పూర్తి చేశాను. రాలినవి ఎప్పుడు, ఎందుకు రాలాయో కూడా రాయమన్నారు. అదీ లెక్కలోదే అన్నారు.

అన్నిటికంటే నాకు ప్రాణమైన మధ్యాహ్నం ఒకటి ఉంది. అంటు కట్టడం పాఠం. పుస్తకంలో బొమ్మ ఉంది, బెరడు కింద పెరిగే పొర పేరు కేంబియం అని ఉంది. మాస్టారు పుస్తకం మూసేసి క్లాసు మొత్తాన్ని మా తోటకు తీసుకొచ్చారు. మా దగ్గర అంటు కట్టే తాత ఒకాయన ఉండేవాడు. సంతకం రాదు. మాస్టారు ఆయన్ను చెట్టు కింద నిలబెట్టి, తాను మాతోపాటు నేల మీద కూర్చున్నారు. "తాతా, మీరు చెప్పండి, మేం వింటాం" అన్నారు. తాత కొంచెం బెదిరాడు. చేతిలోకి కత్తి రాగానే బెదురు పోయింది.

ముందు ఏడాది టెంక నాటిన కుండ మొక్కను మంచె మీదికి ఎక్కించి, తల్లిచెట్టు కొమ్మ పక్కకు చేర్చాడు. రెంటికీ ఒకే ఎత్తున, ఒకే వెడల్పున బెరడు చెక్కాడు. వేలు ఆనించి చూసి, "ఈ తడి ఆరకముందే కలవాలయ్యా. ఆరితే చుట్టాలు కారు" అన్నాడు. రెండు గాయాలూ కలిపి అరటినారతో బిగించాడు. రెండు మూడు నెలలు రోజూ కుండలో నీళ్లు పోయాలి, తరువాత మొక్క తల తుంచాలి, కొమ్మను తల్లి నుంచి కొంచెం కొంచెంగా కోయాలి, ఒక్కసారి కోస్తే చస్తుంది అని చెప్పాడు. ఒక కుర్రాడు, "కేంబియం ఎక్కడుంది తాతా?" అని అడిగాడు. మాస్టారు అడ్డుపడి, "ఆయన తడి అన్నది అదే" అన్నారు. మాలో ప్రతి ఒక్కరం ఒక అంటు కట్టాం. నేను కట్టినది బతికింది. అది ఇప్పటికీ బావి దగ్గర కాస్తోంది.

అంటు ఎందుకు, టెంక నాటితే సరిపోదా అని తాతనే అడిగాం. "టెంక దారి టెంకదే" అన్నాడు. అదెంత నిజమో మాస్టారు తరువాత చెప్పారు. మన మామిళ్లలో ఎక్కువ రకాలకు ఒక టెంకకు ఒకటే మొలక, అది తల్లికీ తండ్రికీ పుట్టిన బిడ్డ, తల్లి పోలిక రావాలనేం లేదు. కేరళ వైపు చంద్రకారన్ లాంటి రకాలకు ఒక టెంకలోంచి మూడు నాలుగు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు అచ్చంగా తల్లివే. 1889లో పూనా నుంచి అమెరికా వెళ్లిన మల్గోబా చెట్ల టెంకలను 1902లో హేడెన్ అనే ఆయన ఫ్లోరిడాలో నాటాడు. మరుసటేడే చనిపోయాడు. ఆయన భార్య ఆ మొక్కలను సాకింది. 1910లో కాసిన ఒక చెట్టు కాయ తల్లి పోలిక లేకుండా, ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చింది. దాని పేరే హేడెన్. టెంక దారి టెంకదే అన్న మాట ఫ్లోరిడాలోనూ నిజమైంది.

ఆ క్లాసు నాకు ఎందుకంత ఇష్టమో ఇప్పుడు చెబుతాను. అంతకుముందు చదువు అంటే ఇంటిని వదిలి వెళ్లే బస్సు అనుకునేదాన్ని. మా ఇళ్లల్లో మాటలు, పనులు కాలేజీ గేటు బయట ఆగిపోవాలి అనుకునేవాళ్లం. ఆ మాస్టారు ఆ బస్సుకు ఎదురుగా మా ఇళ్ల వైపే వచ్చారు. నాయనమ్మ మాట రాసుకున్నారు, తాత ఎదుట నేల మీద కూర్చున్నారు, నా ఈగల గీతలను గోడకు తగిలించారు. తెలియని ప్రశ్న అడిగితే "నాకూ తెలియదు, రేపు చూద్దాం" అనేవారు. మర్నాడు నిజంగానే చూసేవాళ్లం. అంత నిజాయితీగా పాఠం చెప్పినవాళ్లను నేను తక్కువమందినే చూశాను.

నేను తరువాత బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాన్న పోయి పదేళ్లు దాటింది. ఆయన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా వైపు పూత మీదే తోటను గుత్తకు ఇస్తారు. వ్యాపారి వచ్చి పూత చూసి ధర కడతాడు. విరగబూసిందని మురిసి, కాపు లేక దిగాలుపడిన ఏళ్లున్నాయి, కొంచెమే పూసిందని చవకగా ఇచ్చేసి, చెట్టు వంగేలా కాస్తే చూస్తూ నిలబడిన ఏళ్లూ ఉన్నాయి. నేను దారాలు కట్టిన మరుసటి ఏడు వ్యాపారి రావడానికి రెండు రోజుల ముందు నాన్న నాలుగు వైపుల నుంచి నాలుగు గుత్తులు కోసి తెచ్చి నా ముందు పెట్టారు. "ఏమ్మా, ఈ ఏడు కాసే పూలెన్ని?" అన్నారు. ఇద్దరం లాంతరు దగ్గర కూర్చుని లెక్కపెట్టాం. అప్పటి నుంచి ఆయన ఉన్నంతకాలం ఏటా లెక్కపెట్టాకే ధర మాట్లాడారు.

రథసప్తమికి మా ఊళ్లో శోభనాచలపతి ఉత్సవాలు జరిగే వేళకు తోటలన్నీ పూతతో ఉంటాయి. మీ ఇంటి పెరట్లోనో, మీ బడి ఆవరణలోనో ఒక మామిడిచెట్టు ఉండే ఉంటుంది. అందే ఎత్తులో ఒక గుత్తికి దారం కట్టండి. పొద్దున్నే ఒక గంట పక్కన కూర్చుని, ఏ పురుగు వచ్చిందో గీతలు గీయండి. వైశాఖంలో ఆ దారానికి ఎన్ని కాయలు మిగిలాయో ఒక కార్డు మీద రాసి ఆకాశవాణికి పంపండి. వాళ్లు నాకు చేరుస్తారు. నేను చదువుతాను.